బ్యాటరీలోని నిల్వను ఇంటికి కరెంటుగా తెచ్చుకోవడం ఎలా?

కోనసీమలో కరెంటు పోవడం రెండు రకాలు. వేసవి మధ్యాహ్నం ఏదో మరమ్మతు పేరుతో పోయి, గంటా రెండు గంటల్లో తిరిగి వచ్చేది ఒకటి. తుఫాను గాలికి కొబ్బరిచెట్టు తీగల మీద విరిగిపడి, స్తంభాలు వరసగా ఒరిగిపోయి, మళ్లీ ఎప్పుడు వస్తుందో లైన్‌మన్ కూడా చెప్పలేనిది రెండోది. 1996 నవంబరు 6వ తేదీ తుఫాను రాత్రిని చూసినవారికి ఈ రెండో రకం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తుఫాను నరసాపురం సమీపంలో తీరం దాటినప్పుడు కొత్త తరం కూడా దాని రుచి చూసింది. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో చాలామంది దాన్ని మొదటి రకానికి సరిపడేలా అమర్చుకుంటారు. రెండో రకం ముంచుకొచ్చినప్పుడు కూడా అలవాటు కొద్దీ అలాగే వాడి, మొదటి రాత్రి తెల్లవారకముందే చీకట్లో కూర్చుంటారు. బ్యాటరీలో ఉన్నది కరెంటుగా ఎలా మారుతుందో, ఆ దారిలో ఎక్కడెక్కడ కారిపోతుందో తెలిస్తే, అదే బ్యాటరీతో దీపాన్నీ ఫోన్లనూ రోజుల తరబడి నిలుపుకోవచ్చు.

మొదట ఒక అపోహను పక్కన పెట్టాలి. బ్యాటరీలో కరెంటు నిల్వ ఉండదు, ఉండేది రసాయన శక్తి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీ, 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తయారుచేసిన సీసపు బ్యాటరీకి వారసురాలు. దాని లోపల ఆరు గదులు ఉంటాయి, ఒక్కో గది రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. ప్రతి గదిలోనూ ఒక పక్క గుల్లబారిన సీసపు పలకలు, ఇంకో పక్క సీసం డయాక్సైడు పలకలు, వాటి మధ్య నీళ్లు కలిపిన గంధకామ్లం ఉంటాయి. స్విచ్ వేయగానే నెగెటివ్ పలకలోని సీసపు పరమాణువులు ఒక్కొక్కటి రెండేసి ఎలక్ట్రాన్లను వదిలేసి, ఆమ్లంతో కలిసి సీసం సల్ఫేటుగా మారతాయి. వదిలేసిన ఎలక్ట్రాన్లకు ఆమ్లం గుండా అవతలి పలకకు వెళ్లే దారి లేదు కనుక అవి బయటి తీగ పట్టుకుని చుట్టూ తిరిగి పాజిటివ్ పలకకు చేరతాయి. ఆ చుట్టు ప్రయాణమే మనం వాడుకునే కరెంటు.

ఈ పనిలో ఆమ్లం ఖర్చవుతూ, నీరు పుడుతూ ఉంటుంది. అందువల్ల బ్యాటరీ దిగిపోయేకొద్దీ లోపలి ద్రవం పలచబడుతుంది. బ్యాటరీ మెకానిక్కు హైడ్రోమీటరు పెట్టి చూసేది ఈ పలచదనాన్నే. రబ్బరు బుడ్డిని నొక్కి వదిలితే ద్రవం గాజు గొట్టంలోకి ఎక్కుతుంది, లోపలి తేలుడు బుడ్డి దాని చిక్కదనాన్ని బట్టి పైకో కిందకో నిలుస్తుంది. ద్రవం అంచు దాని మీది గీతల్లో ఎక్కడ తాకితే అదే లెక్క, మంచినీటిని 1 అనుకుంటే ఈ ద్రవం ఎంత చిక్కనో ఆ అంకె చెబుతుంది. ట్యూబులర్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సాధారణంగా 1.24 దగ్గర, సగానికి దిగినప్పుడు 1.18 దగ్గర చూపిస్తుంది. ఆరు గదులనూ విడివిడిగా చూడాలి. ఐదు గదులు 1.23 చూపిస్తూ ఒక్కటి మాత్రం 1.17 చూపిస్తే ఆ గది జబ్బుపడినట్టే, మిగిలిన ఐదూ ఎంత బలంగా ఉన్నా లాభం లేదు. హైడ్రోమీటరు లేనివారు వోల్టుమీటరుతో సరిపెట్టుకోవచ్చు. ఛార్జింగూ వాడకమూ రెండూ ఆపి మూడు నాలుగు గంటలు గడిచాక చూస్తే 12.5 వోల్టులు నిండుకు, 12.1 సగానికి గుర్తు. ఛార్జింగు జరుగుతుండగా కనిపించే 13.8, 14 అంకెలు ఛార్జరు పెట్టే ఒత్తిడివి, వాటిని చూసి బ్యాటరీ నిండిందని సంబరపడకూడదు.

బ్యాటరీ ఇచ్చే కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కుకు పారుతుంది, అదే డీసీ. మన ఫ్యాన్లూ టీవీలూ కోరేది 230 వోల్టుల వద్ద సెకనుకు 50 ఆవర్తనాలు చేసే ఏసీ. ఇన్వర్టరు లోపలి మాస్‌ఫెట్లు అనే స్విచ్‌లు బ్యాటరీ కరెంటును సెకనుకు వంద సార్లు అటూ ఇటూ దిక్కు మారుస్తాయి, ఆ మారే కరెంటును ట్రాన్స్‌ఫార్మరు 12 నుంచి 230 వోల్టులకు ఎత్తుతుంది. ఈ దిక్కు మార్పును ఒక్కసారిగా, తలుపు ధడేలున వేసినట్టు చేసేది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు. మెత్తగా అల పైకి లేచి దిగినట్టు చేసేది సైన్ వేవ్ ఇన్వర్టరు. స్క్వేర్ వేవ్ మీద సీలింగ్ ఫ్యాను రాత్రంతా గుయ్యిమని మోగుతుంది, దాని మోటారు వేడెక్కుతుంది. ధరలో తేడా ఉన్నా సైన్ వేవ్ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం, ముఖ్యంగా ఇంట్లో నిద్ర పట్టని పెద్దవాళ్లు ఉంటే. ఏ రకమైనా ఈ మార్పిడిలో సుమారు 15 నుంచి 20 శాతం శక్తి వేడిగా పోతుంది. ఇన్వర్టరు పెట్టె వెనక చెయ్యి పెడితే తగిలే వెచ్చదనం అదే.

ఇక కొనే ముందు వేయవలసిన లెక్క. దుకాణంలో అడిగేది సాధారణంగా ఒక్క ప్రశ్నే: ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు? నిజానికి తేల్చుకోవలసినవి రెండు. ఒక్కసారిగా ఎంత లాగుతారు, ఎంతసేపు లాగుతారు అన్నవి వేర్వేరు ప్రశ్నలు. కాలువ కింద వ్యవసాయం చేసేవారికి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. ఇన్వర్టరు తూము లాంటిది, బ్యాటరీ చెరువు లాంటిది. తూము వెడల్పు పెంచినంత మాత్రాన చెరువులో నీళ్లు పెరగవు, చెరువు ఎంత లోతున్నా తూము ఇరుకైతే చేనుకు ఒక్కసారిగా తడి అందదు. 900 వీఏ, అంటే వోల్ట్ ఆంపియర్లు, అని రాసి ఉన్న ఇన్వర్టరు తూము సుమారు 700 వాట్లు. అంతకు మించి లాగితే చెరువు నిండా నీళ్లున్నా అది ఆగిపోతుంది. 150 ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్లు, అని రాసి ఉన్న 12 వోల్టుల బ్యాటరీ చెరువు, కాగితం మీద 150ని 12తో హెచ్చిస్తే వచ్చే 1800 వాట్ అవర్లు, అంటే వంద వాట్ల లోడును 18 గంటలు నడిపేంత.

కాగితం మీద అని ఎందుకంటున్నానంటే, ఆ 150 అనే అంకె చాలా నెమ్మదిగా వాడినప్పటిది. బ్యాటరీ మీద సీ20 అని ఉంటే, ఏడున్నర ఆంపియర్ల చొప్పున 20 గంటలు వాడితే 150 వస్తుందని అర్థం. అదే బ్యాటరీని 20, 30 ఆంపియర్లతో లాగితే పలకల లోపలి పొరలదాకా ఆమ్లం అంత వేగంగా ఇంకలేదు, కనుక చేతికి వచ్చేది తగ్గుతుంది. దానికి తోడు అడుగంటా ఖాళీ చేస్తూ పోతే బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది. మార్పిడి నష్టం తీసేస్తే 1800లో 1440 మిగులుతుంది. అందులోనూ 70 శాతమే, అంటే సుమారు 1000 వాట్ అవర్లే మనవి అనుకుని లెక్క వేసుకుంటే మోసపోము.

ఒక మామూలు ఇంటిని తీసుకుందాం. పాతరకం సీలింగ్ ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు చొప్పున రెండింటికి 150, తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఐదింటికి 45, వైఫై రౌటరుకు 10, మొత్తం 205 వాట్లు. వెయ్యిని 205తో భాగిస్తే ఐదు గంటలు కూడా నిండవు. ఇప్పుడు ఆ రెండు ఫ్యాన్ల స్థానంలో 30 వాట్లతోనే తిరిగే బీఎల్‌డీసీ అనే కొత్తరకం ఫ్యాన్లు పెట్టి చూడండి. మొత్తం 115 వాట్లకు దిగుతుంది, అదే బ్యాటరీ ఎనిమిది గంటలు దాటి, అంటే రాత్రి నిద్రంతా నడుస్తుంది. రెండో బ్యాటరీ కొనాలా అని అడిగేవారికి నేను ముందు ఫ్యాన్లు మార్చమనే చెబుతాను. మిక్సీ, ఇస్త్రీపెట్టె, నీళ్ల మోటారు, ఫ్రిజ్ ఈ లైనులో ఉండకూడదు. మోటారుతో నడిచే ఏ వస్తువైనా మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, 700 వాట్ల తూము ఆ తాకిడిని తట్టుకోలేదు. భీమవరం వైపు నుంచి రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లకు ఇన్వర్టరు సరిపోతుందా అని అడిగేవారు ఉంటారు. రెండు హెచ్‌పీ ఏరియేటరు ఒక్కటే 1500 వాట్లు, అదీ రాత్రంతా నడవాలి. దానికి డీజిల్ జనరేటరే గతి.

అమరికలో అందరూ తేలిగ్గా తీసుకునేదీ, నా మటుకు నాకు గుణపాఠం నేర్పినదీ బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకు వెళ్లే తీగ. మా ఇంట్లో మొదటిసారి అమర్చినప్పుడు, బ్యాటరీ హాల్లో ఉంటే బాగుండదని వీధి వరండాలో పెట్టించి, ఇన్వర్టరును లోపలి గోడకు పెట్టించాను. మధ్య దూరం మూడు మీటర్లు. వచ్చినతను తన సంచిలో ఉన్న నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగేశాడు. ఇంటి వైరింగుకు అది లావుపాటి తీగే కనుక నేనూ మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఇంటినిండా చుట్టాలుండి 400 వాట్ల లోడు పడేసరికి, పగలంతా ఛార్జి అయిన బ్యాటరీ పది నిమిషాల్లో దిగిపోయినట్టు ఇన్వర్టరు కూయడం మొదలుపెట్టింది. మీటరు తెప్పించి చూస్తే తీగలు బిగించే బ్యాటరీ మొలల దగ్గర 11.9 వోల్టులు, ఇన్వర్టరు చివర 10.8. ఒక వోల్టుకు పైగా తీగలోనే ఇంకిపోతోంది. తీగ పట్టుకుంటే చంటిపిల్ల జ్వరం చూసినట్టు వెచ్చగా ఉంది.

లెక్క చూస్తే ఆశ్చర్యం ఏమీ లేదు. 230 వోల్టుల వద్ద 400 వాట్లంటే రెండు ఆంపియర్లు కూడా కాదు. 12 వోల్టుల వద్ద, మార్పిడి నష్టంతో కలిపి, అది 40 ఆంపియర్లు దాటుతుంది. పోను మూడు, రాను మూడు, మొత్తం ఆరు మీటర్ల నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఆ కరెంటుకు ఒక వోల్టును మింగి, దాదాపు 45 వాట్లను వేడిగా వదులుతుంది. అంటే ఐదు బల్బుల కరెంటు గోడలో కాలిపోతోందన్నమాట. సాధారణంగా ఇన్వర్టరు తన దగ్గర 10.5 వోల్టులు కనిపించగానే బ్యాటరీ ఖాళీ అయిందనుకుని ఆపేస్తుంది, దానికి తీగ సంగతి తెలియదు. తరువాత ఇన్వర్టరును బ్యాటరీ పక్కకే మార్పించి, మీటరు పొడవున్న 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేయించాను. అదే లోడుకు ఇప్పుడు తీగలో పోయేది 0.06 వోల్టులు. పొడవు తీగ తప్పదంటే దాన్ని ఇన్వర్టరు నుంచి ఇంటికి వెళ్లే 230 వోల్టుల వైపు ఉంచుకోవాలి, 12 వోల్టుల వైపు ఎంత పొట్టిగా, ఎంత లావుగా ఉంటే అంత మేలు. కాలువ నీళ్లు ఎండిన బోదెలోనే ఇంకిపోతే చేనుకు చేరేదేముంటుంది?

పాజిటివ్ మొలకు జానెడు దూరంలోనే ఒక ఫ్యూజు ఉండాలి. 900 వీఏ ఇన్వర్టరు పూర్తి లోడులో 80 ఆంపియర్ల పైన లాగవచ్చు కనుక, డీసీకి పనికొచ్చే 100 ఆంపియర్ల ఫ్యూజు వేయించాలి. ఇంటి బోర్డులో వాడే మామూలు ఏసీ ఎంసీబీని, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్‌ను, ఇక్కడ పెట్టడం తప్పు, ఎందుకంటే డీసీలో లేచే మెరుపును అది ఆర్పలేకపోవచ్చు. 12 వోల్టులు ముట్టుకుంటే షాక్ కొట్టదన్న మాట నిజమే కానీ, ఒక పానా రెండు మొలల మీద అడ్డంగా పడితే వందల ఆంపియర్లు పారి అది క్షణాల్లో ఎర్రబడుతుంది. బిగించేవారు ఉంగరాలు, గాజులు తీసేసి, పానా పిడికి టేపు చుట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని పని చేయాలి. ఇన్వర్టరు ఆపి ఉంచి, ముందు పాజిటివ్, తరువాత నెగెటివ్ బిగించాలి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్ తీయాలి.

ఇంటి లైను కలిపే పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి. ఫేజు ఒక్కటే ఇన్వర్టరు మీదికి మార్చి న్యూట్రల్‌ను ఎక్కడిదక్కడ వదిలేయడం మన ఊళ్లలో తరచుగా చూస్తాం. కరెంటు భూమిలోకి కారితే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో అది ఊరికే పడిపోతూ ఉంటే చాలాసార్లు కారణం ఇదే. అంతకన్నా ప్రమాదమైన అలవాటు ఇంకొకటుంది. తుఫాను తరువాత అద్దెకు తెచ్చిన జనరేటరునో, విడి ఇన్వర్టరునో, రెండు చివరలా ప్లగ్గులున్న వైరుతో గోడ సాకెట్లో గుచ్చి ఇల్లంతా వెలిగించుకునేవారు ఉంటారు. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు మీటరు దాటి వెనక్కు వెళ్లి, వీధి ట్రాన్స్‌ఫార్మరు గుండా పై తీగలకు ఎక్కుతుంది. లైను చచ్చి ఉందనుకుని స్తంభం మీద పని చేస్తున్న మనిషి ప్రాణం దాంతో పోతుంది. ఒకసారికి ఒక్క వైపు కరెంటునే ఇంటికి కలిపే మార్పిడి స్విచ్ లేకుండా ఏ కరెంటునూ ఇంటి వైరింగుకు కలపకూడదు.

బ్యాటరీని ఎక్కడ పెట్టాలన్నది డెల్టాలో రెండు కారణాల వల్ల ఆలోచించి తేల్చుకోవలసిన సంగతి. మొదటిది గాలి. ఛార్జింగు చివరి దశలో బ్యాటరీలోని నీరు విడిపోయి హైడ్రోజన్ బయటికి వస్తుంది, గాలిలో అది నాలుగు శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. మెట్ల కింద మూసిన అరలోనూ, పూజగది గూటి పక్కన దీపానికీ అగరుబత్తికీ మూరెడు దూరంలోనూ బ్యాటరీలు పెట్టిన ఇళ్లు నేను చూశాను. కిటికీ దగ్గర, గాలి ఆడే చోట పెట్టడమే సరైనది. రెండోది నీరు. లంక గ్రామాల్లోనూ, ఏటిగట్టు కింద ఊళ్లలోనూ ఇంట్లోకి ఎంత నీరు వచ్చిందో గోడ మీది పాత మరక చెబుతుంది. బ్యాటరీ అడుగు ఆ మరక కన్నా కనీసం జానెడు ఎత్తున ఉండేలా సిమెంటు దిమ్మ కట్టించాలి. ఆమ్లం నింపి ఉన్న బ్యాటరీ 50 కిలోలు దాటి ఉంటుంది, వరద వచ్చాక ఎత్తి పెడదామంటే ఇద్దరు మనుషులకు కూడా కష్టం. వరద నీరు మూతల పైకి వచ్చి ఉంటే దాన్ని వాడకూడదు. లోపలికి బురదా ఉప్పూ చేరి ఉంటాయి, మెకానిక్కు చూసి చెప్పేవరకు ఇన్వర్టరు ఆన్ చేయవద్దు.

పోషణ గురించి చెప్పవలసింది కొద్దే. డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే ఏదీ పోయకూడదు. సముద్రం పక్క ఊళ్ల బోరునీటిలో ఉండే ఉప్పు పలకలను తినేస్తుంది, తాగడానికి తెచ్చుకునే క్యాను నీళ్లలోనూ లవణాలు ఉంటాయి కనుక అవీ పనికిరావు. ఆమ్లం అసలే పోయకూడదు, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే. మట్టం తగ్గినట్టు తేలుడు గుర్తు చూపిస్తే, పూర్తిగా ఛార్జి చేశాకనే నింపాలి. ముందే నింపితే ఛార్జింగులో ద్రవం పొంగి మూతల మీదుగా కారుతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి మొలల మీద నీలి పచ్చటి చిలుము తొందరగా పడుతుంది. వంటసోడా కలిపిన వేడినీళ్లతో తుడిచి, ఆరాక వాజెలీన్ పూస్తే చాలు. దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలి ఊరికి వెళ్లకూడదు. పలకల మీది సల్ఫేటు గట్టిపడిపోతే తరువాత ఎంత ఛార్జి చేసినా అది కరగదు.

ఇన్వర్టరు మీద యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. కంప్యూటరు ఆగిపోకుండా వెంటనే మారడానికి అది పనికొస్తుంది. కానీ ఆ మోడ్‌లో వీధి కరెంటు సుమారు 180 వోల్టులకు దిగితే చాలు, ఇన్వర్టరు బ్యాటరీకి మారిపోతుంది. సాయంత్రం వేళ మోటార్లన్నీ నడిచి వోల్టేజీ పడిపోయే ఊళ్లలో, కరెంటు ఉండగానే బ్యాటరీ ఖర్చవుతూ ఉంటుంది, ఇంటివారేమో బ్యాటరీ చెడిపోయిందనుకుంటారు. కంప్యూటరు లేని ఇంట్లో ఆ స్విచ్‌ను మామూలు మోడ్‌లో ఉంచాలి.

ఇక తుఫాను రోజుల సంగతి. కాకినాడ రేవులో ప్రమాద సూచిక ఎగరేశారన్న వార్త వినగానే మొదట చేయవలసింది బ్యాటరీని నిండుగా ఛార్జి చేసుకోవడం. 150 ఏహెచ్ బ్యాటరీకి 15 ఆంపియర్ల ఛార్జింగు అంటే ఖాళీ నుంచి నిండడానికి పది పన్నెండు గంటలకు తక్కువ పట్టదు, కనుక గాలి మొదలయ్యాక చూద్దామంటే కుదరదు. కరెంటు పోయాక మొదటి రాత్రి గాలి హోరులో ఫ్యాను అవసరం ఉండదు, దాన్ని ఆపేయాలి. ఆ తరువాతి మెళకువ తెలిసినవారు తక్కువ. ఇన్వర్టరు ఏ లోడూ లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా తన కోసం 10 నుంచి 20 వాట్లు తింటుంది. ఒక్క తొమ్మిది వాట్ల బల్బు కోసం దాన్ని రోజంతా ఆన్‌లో ఉంచితే, దీపం కన్నా దాన్ని మోసే మనిషికే ఎక్కువ కూలి ఇచ్చినట్టు. పదిహేను వాట్ల చొప్పున రోజుకు 360 వాట్ అవర్లు, అంటే నిల్వలో అయిదో వంతు, ఏ పనీ జరగకుండానే పోతుంది.

అందుకని ఏసీ చేయకుండా నేరుగా డీసీనే వాడుకునే ఏర్పాటు ఒకటి ముందే చేసి పెట్టుకోవాలి. ఐదు వాట్ల 12 వోల్టుల డీసీ ఎల్‌ఈడీ బల్బులు రెండు, కారులో వాడే 12 వోల్టుల ఫోన్ ఛార్జరు ఒకటి, దానికి సరిపోయే సాకెట్టు, పాజిటివ్ తీగలో ఐదు ఆంపియర్ల చిన్న ఫ్యూజు ఉంటే చాలు. ఇన్వర్టరును పూర్తిగా ఆపేసి ఈ తీగను బ్యాటరీ మొలలకు తగిలించాలి. రెండు బల్బులు రోజుకు ఆరు గంటలు వెలిగితే 60 వాట్ అవర్లు, నాలుగు ఫోన్లు ఒక్కోసారి నిండడానికి మరో 60 లేదా 70. రోజుకు 130 అనుకున్నా, నిల్వలో 70 శాతమైన 1260 వాట్ అవర్లు తొమ్మిది రోజులకు పైగా వస్తాయి. ఇన్వర్టరు లేదు కనుక బ్యాటరీ అతిగా దిగిపోతున్నప్పుడు ఆపేవారు ఎవరూ ఉండరు. రోజూ పొద్దున్నే దీపాలు వెలిగించని వేళ ఒకసారి వోల్టుమీటరు పెట్టి చూసి, 12 వోల్టులకు దిగువకు వస్తే ఫోన్లకే పరిమితం కావాలి. తుఫాను వెళ్లిపోయి ఎండ కాచాక, డాబా మీద 160 వాట్ల సోలారు పలకనూ, బ్యాటరీకి ఛార్జి అతిగా ఎక్కకుండా చూసే చార్జ్ కంట్రోలరునూ కలిపి పెట్టుకోగలిగితే, నాలుగైదు గంటల మంచి ఎండకు రోజువారీ ఖర్చంతా తిరిగి రావడమే కాక, రాత్రికి ఒక బీఎల్‌డీసీ ఫ్యాను కూడా తిరుగుతుంది.